డ్రెయిన్ బోల్టు మీద ఎర్రగీత

కారు కొనే స్తోమత లేక మోటారు సైకిలు కొన్నాను. ఎనిమిది నెలలు తిరక్కుండానే అదీ కారడం మొదలుపెట్టింది. ఈ మాట మా స్కూలు స్టాఫ్‌రూములో అంటే ఒక్కరూ నవ్వలేదు. కన్నడంలో అన్నాను కాబట్టి పేలలేదని సర్దిచెప్పుకున్నాను. తెలుగులో అన్నా నవ్వేవాళ్ళు కారేమో.

నేను ముళబాగిలులో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. కాపురం మాత్రం బంగారు గనుల ఊరు కోరమండల్లో, ఒకప్పుడు గనివాళ్ళు పనివాళ్ళ కోసం కట్టిన లైను ఇళ్ళలో. ఆ ఇల్లు మా మామది. పెళ్ళయిన కొత్తలో నాలుగు నెలలు ఉందామని వచ్చి పధ్నాలుగేళ్ళుగా ఉండిపోయాను. ఇల్లరికం అనే మాట ఎవరైనా అనేలోపు నేనే అనేసుకుంటే నొప్పి తక్కువగా ఉంటుందని ఈ అనుభవంలో తెలుసుకున్నాను.

ఆ కారుడును మొదట పట్టించుకుంది మామే. నాలుగు రోజులుగా వదలని ముసురు. పొద్దున బడికి బయల్దేరుతూ వరండాలోంచి బండి కిందికి దించాను. అది నిలబడిన చోట, సిమెంటు నేల మీద, రూపాయి బిళ్ళంత నల్లటి మరక. చెప్పుకాలితో రుద్దేసి పోబోయాను. మామ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, వంగి, వేలితో ఆ మరకను అద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇంజనాయిలు. కొత్త గాడికి ఇది రాకూడదప్పా," అన్నాడు. మా వైపు బండిని గాడి అంటారు.

"వాన నీళ్ళు కారి ఉంటాయి మామా."

"మీ స్కూల్లో వాన నల్లగా కురుస్తాదా?"

ఆయన గని మూసేదాకా ఫిట్టరు. భూమి లోపలి పంపులూ, మనుషుల్ని పైకీ కిందికీ చేర్చే యంత్రాలూ ఆయన చేతుల్లో నడిచాయి. గని పోతూ పోతూ ఆయనకు ఒక దగ్గును, కొన్ని స్పానర్లను మిగిల్చింది. స్పానర్లు ఎలా వచ్చాయని నేను ఎన్నడూ అడగలేదు. దగ్గు ఎలా వచ్చిందో అడగనక్కర్లేదు, ఆ తరంలో ప్రతి ఇంట్లో ఒకటుంది. ఉద్యోగం పోయాక ఆయన మళ్ళీ ఎక్కడా పనికి చేరలేదు. వరండాలో కూర్చుని లైనులో వాళ్ళ మిక్సీలు, కుట్టుమిషన్లు, నీళ్ళ మోటార్లు, మూత పట్టని కుక్కర్లు బాగుచేసేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు. ఏ వస్తువూ రాని రోజున దగ్గు ఎక్కువయ్యేది. గని మూతపడ్డాక చుట్టుపక్కల అందరూ మాజీలయ్యారు, మాజీ డ్రైవరు, మాజీ క్లర్కు, మాజీ టైమ్‌కీపరు. ఆయన్ని మాత్రం లైనులో ఇప్పటికీ "ఫిట్టరు తాత" అనేవాళ్ళు. ఆయనకు మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాటే. అది నాకు అప్పుడు కూడా తెలుసు, తెలియదని తప్పించుకోలేను.

బండి కొన్నది కోలారులో. ఇరవై రోజుల కిందటే అక్కడే ఫ్రీ సర్వీసు చేయించాను, ఆయిలు మార్చారు. కాబట్టి పద్ధతి ప్రకారం అక్కడికే పోవాలి. ఫోన్ చేశాను. పది రోజుల తర్వాత చేయమన్నారు. చేశాను. వచ్చే వారం చేయమన్నారు. వారంటీ అంటే వారం వారం ఫోను చేసుకునే సౌకర్యం అని అప్పుడు అర్థమైంది. ఈలోగా మరక రూపాయి బిళ్ళనుంచి దోసెంత వెడల్పుకి పెరిగింది. మా ఆవిడ దాని కింద పాత గోనెపట్టా పరిచింది.

"కింద డ్రెయిన్ బోల్టు దగ్గర చెమరిస్తా ఉండాది, అంతే," అన్నాడు మామ, బండి కిందికి టార్చి కొట్టి చూసి. ఇంజను అడుగున పాత ఆయిలు వదలడానికి ఉండే బోల్టు అది. "ఒక్క చుట్టు తిప్పితే నిలిచిపోయేదానికి కోలారు దాకా యాడికి పోతావు?"

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అన్నం తిన్నాక, ఆ పని పెట్టుకున్నాడు. గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, తన రింగు స్పానరు బోల్టుకు తగిలించాడు. స్పానరు పిడి పొట్టిగా ఉందని దానికి మూరెడు ఇనప పైపు తొడిగాడు. నా పని టార్చి పట్టుకోవడం.

ఆ వారమే నేను తొమ్మిదో తరగతికి బల భ్రామకం పాఠం చెప్పాను. బోర్డు మీద తలుపు బొమ్మ గీసి, కీలుకు ఎంత దూరంలో తోస్తే అంత తేలిగ్గా తిరుగుతుందని, పిడి పొడవు రెట్టింపయితే తిప్పే బలం రెట్టింపవుతుందని గొంతు చించుకుని చెప్పాను. ఇప్పుడు నా కళ్ళ ముందే పిడి మూడింతలైంది. టార్చి వెలుగు సరిగ్గా దాని మీదే పడుతోంది. నాకు ఏమీ తట్టలేదు. నేను చెప్పే పాఠం నాకే ఎక్కలేదంటే పిల్లలకు మార్కులు రావడం లేదని కోప్పడటంలో న్యాయం లేదు.

ఇంకొకటి కూడా తట్టాల్సింది. రెండేళ్ళుగా మామ పొగలు కక్కే కాఫీ గ్లాసును ఉత్త చేత్తో పట్టుకుని తాగుతున్నాడు. మేమెవరం పట్టుకున్నా చటుక్కున దించేస్తాం. ఆయన చేతులు గట్టివని అనుకునేవాళ్ళం. ఆ వేళ్ళకు ఇక ఏదీ తెలియడం లేదని అనుకోలేదు.

"చాలదా మామా?"

"ఇంగొక నూలు తిరగాల." నూలంటే ఆయన లెక్కలో వెంట్రుకంత. పైపు మీద చెయ్యి వేసి లాగాడు. ఎక్కడో కిర్రుమంది. "ఆ. ఇంగ పోదు."

లేచి కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ, "ఎర్ర పెయింటు ఉండాదా?" అన్నాడు. లేదన్నాను. లోపలికి కేకేశాడు. "అమ్మా, నీ గోళ్ళ రంగు ఇట్ల తే."

మా ఆవిడ నెయిల్ పాలిష్ సీసాతో వచ్చింది. "ఏం నాయనా, గాడికి పెళ్ళిచూపులా?"

"నీ మొగునికి చేసేసినాం గదా, ఇంగ గాడికే బాకీ."

మళ్ళీ పడుకుని, బోల్టు తల మీదనుంచి ఇంజను ఒంటి మీదికి ఒక ఎర్రటి గీత గీశాడు. దాని పక్కన రెండు చుక్కలు పెట్టాడు. గీత ఎందుకో చూస్తే తెలిసింది, బోల్టు వదులై ఏ కొంచెం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. చుక్కలెందుకని అడిగాను.

"అవి నా గుర్తు. లోపల ఎవురు బిగించినారో వాళ్ళ గుర్తు పెట్టి రావాల. నడిమధ్య పంపు నిలిచిపోతే తర్వాతి షిఫ్టువాడు ఎవుర్ని అడగాల మరి?" లోపల అంటే భూమి లోపల. ఆయన ఎప్పుడూ గని అనడు. "తప్పు బిగించినోడిని మేస్త్రీ నాలుగు తిట్లు తిట్టి వదిలేసేవాడు. గుర్తు పెట్టకుండా వచ్చినోడితో మాత్రం ఇంగెవురూ జతగా దిగేవాళ్ళు కాదు. గుర్తు చెరిపినోడంటే ఇంగ చెప్పే పనే లేదు."

"రెండు చుక్కలూ మీవేనా?"

"ఒకటి నాది. ఒకటి మా అన్నది. ఇద్దరం ఒక జత. ఆయప్ప లోపలే పోయినాక రెండూ నేనే పెడతా ఉండాను."

అంత మాట మామూలుగా చెప్పి, సీసా మూత బిగించి, కూతురికి ఇచ్చేశాడు.

పదహారు రోజులు నేల పొడిగా ఉంది. రోజూ పొద్దున మామ బండి కింద చూసి, నా వైపు చూసి, కాఫీ తాగేవాడు. నేను స్కూల్లో మా మామ పనితనం గురించి గొప్పలు చెప్పాను. కోలారు వాళ్ళకు ఫోను చేయడం మానేశాను.

పదిహేడో రోజు, బేతమంగళం దాటాక, గేరు మార్చబోతే ఎడమకాలు జారింది. చూసుకుంటే బూటు నిండా నల్లటి ఆయిలు. ఇంజను గొంతు బొంగురుపోయి గరగరమంటోంది. ఆపి, వానలో తోసుకుంటూ రోడ్డుపక్క మెకానిక్కు షెడ్డు దాకా తీసుకుపోయాను. అతను బండిని పక్కకు వంచి కింద చూసి, ఈల వేశాడు.

"ఎవురు సార్ బిగించినారు, రాక్షసుడా?"

"ఏమైంది?"

"ఇది అల్యూమినియం సార్, మెత్తనిది. ఉక్కు అనుకొని తిప్పేసినారు. లోపల మరలన్నీ పీక్కొని వచ్చేసుండాయి. ఇదో, ఇక్కడ చూడండి, ఇంజను కేసే, ఈ అడుగు డొప్పే, పగిలిండాది." వేలితో ఒక సన్నటి చీలిక చూపించాడు. తర్వాత ఆ వేలు ఎర్రగీత మీదికి పోయింది. "ఇదేంది, నెయిల్ పాలిషా? మీ గాడి ఆడపిల్లనా?"

నేను నవ్వాను. నవ్వవలసిన చోట నవ్వేస్తాను, అది నా అలవాటు.

"వారంటీ ఉండాదా సార్?"

"ఉంది."

"అట్లయితే ఆ రంగు తుడిచేయండి. బయటి చెయ్యి పడిందని తెలిస్తే వాళ్ళు తాకరు. రంగు లేకపోతే, కడసారి సర్వీసు చేసింది వాళ్ళే కదా, వాళ్ళ నెత్తినే పడతాది. కొత్త కేసు వాళ్ళే బిగిస్తారు."

ఆ సలహా ఇచ్చినందుకు అతన్ని తప్పుపట్టలేను. అడగకముందే ఇచ్చాడు, నిజమే. కానీ అతను చెప్పేవరకూ నేను అక్కడినుంచి కదల్లేదన్నది కూడా నిజమే.

గూడ్సు ఆటోలో బండి వేసుకుని ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. మామ మాత్ర వేసుకుని నిద్రపోతున్నాడు. వచ్చే దారిలో హార్డువేరు అంగట్లో చిన్న సీసా థిన్నరు కొనుక్కొచ్చాను. పాత బనియను ముక్క తడిపి రుద్దాను. గీత ఒక్క తుడుపుకే పోయింది. ఒక చుక్క రెండో తుడుపుకి. ఇంకో చుక్క మొండిగా పట్టుకుంది. దాన్ని గోటితో గీకాను. ఏ చుక్క ఎవరిదో నాకు తెలియదు.

తల ఎత్తేసరికి గడపలో మా ఆవిడ.

"ఏం వాసన ఇది?"

చెప్పాను. ఎలాగూ దొరికిపోయాను కాబట్టి నిజానికి కొంచెం మెరుగు పెట్టి చెప్పాను. "మీ నాయన కోసమే. ఆయన చెయ్యి పడి ఇంజను పగిలిందని లైనంతా తెలిస్తే రేపట్నుంచి ఒక్క కుక్కరైనా తెస్తారా? ఆయన ఏమైపోతాడు?"

"చెరపమని నాయన అడిగినాడా?"

"లేదు."

"అట్లయితే నాయన పేరు ఎందుకు ఎత్తుతావు?" అని లోపలికి పోయింది.

సగం ఆయన కోసమే చేశాను, ఇది అబద్ధం కాదు. సగమంటే సరిగ్గా సగమేనా అని ఎవరైనా నిలదీస్తే మాత్రం సైన్సు మాస్టర్నయినా కొలవలేను.

సాయంత్రం మామ లేచి, బండి చూసి, "ఏమైందప్పా?" అన్నాడు.

"ఎక్కడో పగిలింది మామా. కంపెనీ లోపమేమో."

ఆయన గోనెపట్టా కోసం చూశాడు. నేల తడిగా ఉంది, రొమ్ము పట్టేస్తుంది, పడుకోవద్దన్నాను. ఆయన ఆరోగ్యం మీద నేను అంత శ్రద్ధ చూపింది అదే మొదలు. ఆయన బండి సీటు తట్టి, "సరే, రేపు నేనూ వస్తాను," అన్నాడు.

"మీరెందుకు మామా, ఈ వానలో?"

"నా గుర్తు ఉండాది కదప్పా దాని మీద. వాళ్ళు అడిగితే చెప్పేదానికి మనిషి ఉండొద్దా?"

ఆ క్షణంలోనైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

మర్నాడు ఆయన చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు. గూడ్సు ఆటోలో ముందు డ్రైవరు పక్కన ఆయన. వెనకాల పట్టాకింద బండిని వాటేసుకుని నేను. బంగారుపేట దాటేదాకా దారి గుంతలన్నీ నా నడుముకు వచ్చి పరిచయం చెప్పుకున్నాయి. ఆయన గుర్తు గురించి చెప్పినా ఎవరు చూస్తారు, ఎవరు నమ్ముతారు, ముసలాయన ఏదో అంటున్నాడని నెట్టేయవచ్చు అని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. ఆయన్ని ఎలా నెట్టేయాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

సర్వీసు సెంటర్లో అద్దాల గది ఒకటి ఉంది, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి. మామను అక్కడ కూర్చోబెట్టి, నేను లోపల షెడ్డులోకి పోయాను. బండిని లిఫ్టు మీద ఎక్కించి పైకి లేపారు. సూపర్‌వైజరు కింద నిలబడి చూసి, ఒక మెకానిక్కును పిలిచాడు. నలభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం, చొక్కా జేబులో కళ్ళజోడు.

"పోయినసారి దీనికి ఆయిలు మార్చింది నువ్వే కదా?"

"నేనే సార్. టార్కు రెంచి పెట్టి కొలతకే బిగించినాను. ఇంత గట్టిగా నేను ఎందుకు తిప్పుతాను?"

సూపర్‌వైజరు నా వైపు తిరిగాడు. "సార్, మధ్యలో బయట ఎక్కడైనా చేయించారా?"

"లేదు," అన్నాను.

రెండే అక్షరాలు. అందుకే అంత సులువుగా దొర్లింది.

"విన్నావా?" అన్నాడు సూపర్‌వైజరు ఆ మనిషితో. "ఇది ఇంగ నీ మీదనే. కొత్త కేసు ఖరీదు నీ జీతంలో పట్టుకుంటారు. పోయిన నెలలో ఒకటి అయింది, ఇది రెండోది. పనిలోంచి తీసేస్తే నేను ఆపలేను, ముందే చెప్తా ఉండాను."

కంపెనీ అంటే ఏదో పెద్ద ఇనప్పెట్టె అని, దానికి ఒక ఇంజను కేసు లెక్కలోది కాదని నేను అనుకున్నాను. ఆ పెట్టెకు నెరిసిన గడ్డం ఉంటుందనుకోలేదు.

ఆ మనిషి సూపర్‌వైజరుతో వాదించలేదు. నా దగ్గరికి వచ్చాడు. "సార్, మీరే చెప్పండి. నేను చేసినాక ఎవురూ చెయ్యి పెట్టలేదా? కొంచెం జ్ఞాపకం చేసుకోండి."

నేను గోడ మీద ఆయిలు కంపెనీ క్యాలెండరు చూశాను. అందులో ఒక జలపాతం. దాన్ని చాలా శ్రద్ధగా చూశాను. ఎంతసేపంటే, ఒక గ్లాసు కాఫీ సగం తాగేంత సేపు. ఆ తర్వాత నోరు తెరిచేవాణ్ణేమో, నాకు తెలియదు. తెరిచి ఉంటే ఏం చెప్పేవాణ్ణో అంతకన్నా తెలియదు. ఎందుకంటే అప్పటికే వెనకనుంచి దగ్గు వినిపించింది.

"ఏమంటా ఉండారు ఆయప్పని?" మామ అద్దాల గది వదిలి వచ్చేశాడు.

"ఏం లేదు మామా, మీరు పోయి కూర్చోండి."

ఆయన నా మాట వినలేదు. ఆ మెకానిక్కునే అడిగాడు. అతను రెండు ముక్కల్లో చెప్పాడు. ఫ్రీ సర్వీసులో గట్టిగా బిగించి ఇంజను పగలగొట్టానంటున్నారు తాతా, జీతంలో కోస్తారంట.

"ఆయప్ప కాదు," అన్నాడు మామ సూపర్‌వైజరుతో. "బిగించింది నేను."

"తాతా, మీరు ఉండండి. సారు లేదని చెప్పినారు."

"సారుకేం తెలుసు? నా గుర్తు ఉండాది, చూపిస్తా రండి."

లిఫ్టు కిందికి పోయాడు. మెడ వెనక్కి వంచి పైకి చూశాడు. ఇంజను అడుగంతా రోడ్డు మట్టి, ఆయిలు జిడ్డు గడ్డకట్టి ఉంది. బోల్టు చుట్టూ రెండు వేళ్ళంత మేర మాత్రం అద్దంలా తళతళలాడుతోంది. నేను ఎంత బాగా తుడిచానో అక్కడ కనిపించింది. ఆయన చెయ్యి ఎత్తి ఆ చోట బొటనవేలు ఆనించాడు. వేలికి తెలియదు కాబట్టి కాబోలు, మళ్ళీ మళ్ళీ ఆనించాడు. తర్వాత తల దించి నన్ను చూశాడు.

కోపమైతే నాకు బాగుండేది. ముళబాగిలు బస్టాండులో అడ్రసు అడిగే కొత్త మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు.

"గుర్తు లేదు," అన్నాడు సూపర్‌వైజరుతో. ఎందుకు లేదో చెప్పలేదు. "లేకపోయినా చేసింది నేనే. స్పానరుకు పైపు ఏసి తిప్పినాను. మాకు లోపల అంతా ఉక్కు, పోత ఇనుము. ఇది మెత్తనిదని నా చేతికి తెలియలేదు. ఆయప్పని వదిలేయండి."

సూపర్‌వైజరు నా వైపు చూశాడు. "ఏం సార్, లేదన్నారు?"

"మర్చిపోయాను," అన్నాను. మరలు పోయింది బండికి, మరుపు వచ్చింది నాకు. ఇలాంటి చోట కూడా నా నోటికి మాటలు ఇలాగే జతకూడి వస్తాయి. దాన్ని ఏమనాలో తెలియదు.

వారంటీ లేదన్నారు. ఖర్చు మేమే పెట్టుకుంటామని కాగితం మీద సంతకం చేశాను. కొత్త కేసు ఫ్యాక్టరీ నుంచి రావాలి, నెల పడుతుందన్నారు. బండి అక్కడే వదిలేసి బస్సెక్కాం.

కిటికీ అద్దం పూర్తిగా పడలేదు. జల్లు లోపలికి కొడుతుంటే ఆయన తెల్ల చొక్కా భుజం తడిసింది. ఇటు మారదామన్నాను. వద్దన్నాడు. గుర్తు గురించి అడుగుతాడని, అడిగితే ఆయన పరువు కోసమే చేశానని చెప్పాలని, ఆ వాక్యాన్ని నోట్లో నానబెట్టుకుని కూర్చున్నాను. ఆయన అది అడగలేదు. బంగారుపేట దగ్గర పడుతుండగా అన్నాడు:

"ఆయప్ప జీతం కోస్తారని నీకు ముందే తెలుసునా?"

"తెలీదు మామా. నిజంగా తెలీదు."

"సరే. అక్కడ తెలిసింది కదా. తెలిసినాక?"

నేను ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు. దిగే చోటు వచ్చేదాకా దగ్గుతూనే ఉన్నాడు.

లైనులో ఈ సంగతి తెలియకుండా నేను పడ్డ తంటాలన్నిటినీ ఆయన రెండు రోజుల్లో తేల్చేశాడు. పక్కింటావిడ కుక్కరు తెచ్చింది. నేను గదిలో పేపర్లు దిద్దుకుంటున్నాను.

"తాతా, ఆవిరంతా పక్కనుంచి పోతా ఉండాది."

"ఇంగ నా దగ్గరికి తేవాకమ్మా. నా చేతికి బిగువు తెలీడం లేదు. అల్లుని కొత్త గాడి ఇంజను పగలగొట్టేసినాను."

"అయ్యో, సుమ్నే, ఊరికే అంటా ఉండావులే తాతా. కుక్కరేమన్నా ఇంజనా?"

"పేలితే ఇంజను కన్నా ఎక్కువమ్మా. అంగట్లో ఇయ్యి."

ఆమె నవ్వి, కుక్కరు పట్టుకుని పోయింది. అలా ముగ్గురికో నలుగురికో చెప్పాడు. చాలు, లైను చిన్నది. మొదట్లో, "ఏం తాతా, లీవు పెట్టినావా?" అని దారినపోతూ అనేవాళ్ళు. తర్వాత అదీ మానేశారు. వరండాలో సామాను లేక విశాలమైంది. ఆయన అక్కడే, అదే చోట, పొద్దుననుంచి మధ్యాహ్నం దాకా కూర్చునేవాడు. అవతల గని మిగిల్చిన సైనైడు దిబ్బల మీదనుంచి గాలి లేస్తే లోపలికి వచ్చి పడుకునేవాడు. నాతో మాట్లాడటం మానలేదు. అన్నం తిన్నావా, గొడుగు తీసుకో, బస్సు దొరికిందా. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. తనంతట తానుగా ఒక్క వెక్కిరింత కూడా చేయలేదు. వెక్కిరించడానికి నాలో కావలసినంత సరుకున్న రోజుల్లోనే.

బండి వచ్చేదాకా ముళబాగిలుకు బస్సులోనే తిరిగాను. ఒక సాయంత్రం అక్కడి బస్టాండులో, చిత్తూరు బస్సు దిగినవాళ్ళ గుంపు పలచబడ్డాక, ఎదురుగా సర్వీసు సెంటరు మెకానిక్కు కనబడ్డాడు. ఇల్లు ఆవని అనే ఊరి పక్కనంట, రోజూ ఇక్కడే బస్సు మారతాడంట. నేను పేపరు అడ్డం పెట్టుకునేలోపే గుర్తుపట్టాడు.

"సార్, నమస్కారం. తాత బాగుండాడా?"

"బాగున్నాడు."

"ఆ దినం తాత రాకుంటే నేను ఈ పాటికి ఇంట్లో కూర్చొని ఉండాల్సింది సార్. ఎవురు చెప్తారు అట్ల, నేనే చేసినానని? నా నమస్కారం చెప్పండి. మీ గాడి కేసు వచ్చింది, నేనే ఏస్తా ఉండాను. మంచిగా ఏస్తాను." నా మొహం చూసి, "టీ తాగుదాం రండి సార్," అన్నాడు.

క్షమించమని అడగడానికి అంతకన్నా మంచి చోటు, మంచి సమయం ఉండవు. మాటలు కూడా సిద్ధంగానే ఉన్నాయి. నెల రోజులుగా రోజూ బస్సులో కూర్చుని దిద్దుకుంటున్నవే.

"నా బస్సు వచ్చేస్తుంది," అన్నాను.

"సరే సార్," అని నమస్కారం పెట్టి, అవతల నిలబడ్డ తన బస్సు వైపు పోయాడు.

ఇంటికి వచ్చి మామకు ఆ నమస్కారం అందజేశాను. అదైనా మధ్యలో పోగొట్టకుండా తెచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత మొహంలో కొంచెం వెలుతురు కనిపించింది.

"పని ఉండాదా ఆయప్పకి?"

"ఉంది మామా. మన బండి ఆయనే చేస్తున్నాడు."

"మంచిది." నా వైపు తిరిగి, "నువ్వేం చెప్పినావు ఆయప్పకి?" అన్నాడు.

"బస్సు వచ్చేసింది మామా."

ఆయన నన్ను చూసి, మెల్లగా తలూపి, "అట్లనా," అని, కాళ్ళు మంచం మీదికి తీసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా బస్సు ఆ సాయంత్రం ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని ఆయనకు తెలిసే అవకాశం లేదు. లేదనే అనుకుంటున్నాను.